తృణమణి మొదలు పిడుగు వరకు



చైత్రవైశాఖములలో మన శ్రీకాకుళ విజయనగర సీమలో సాయంకాలపు టాకాశమును చూచినవారికి ఒక సంగతి చక్కగా తెలియును. మధ్యాహ్నము వరకు ఎండ నిప్పులు చెరుగును. ప్రొద్దు వాలువేళకు పడమటి కొండల మీద నల్లని మేఘము కోటగోడవలె లేచును. ఈదురుగాలి వీచును. ఆకాశము చీలినట్లు మెరుపు మెరయును. దాని వెంట ఉరుము వినబడును. ఆ వేళ పొలములో పనిచేయు కూలి, ఉద్దానపు తోటలో జీడిపిక్కలు ఏరుకొను స్త్రీ, మేకలను తోలుకొని పోవు బాలుడు, అందరును దగ్గర నున్న చెట్టు క్రిందికి పరుగెత్తుదురు. వాన నుండి కాపాడు చెట్టు పిడుగు నుండి కాపాడదు. ఈ మాట తెలియక పోయిన ప్రాణములు ప్రతి సంవత్సరమును కొన్ని యుండుచునే యున్నవి.

2018వ సంవత్సరము ఏప్రిల్ 24వ తేదీని ఆంధ్రప్రదేశములో 13 గంటల కాలములో 36,749 మెరుపుపాటులు నమోదైనవి. 2022లో భరతఖండమంతటను పిడుగుపాటున మరణించినవారు 2,887 మంది యని ప్రభుత్వపు లెక్క. వీరిలో పెక్కుమంది పొలములలో నుండువారే. కావున పిడుగనగా నేమి, అది యెట్లు పుట్టును, ఎందుకు దిగును అను విచారణ కేవలము పాఠశాలలోని పిల్లల చదువు కాదు. పల్లెయందు పదిమందికి మాట చెప్పగల పెద్దలు తెలిసికొనవలసిన విషయము. ఈ రహస్యము తెలియుటకు మానవజాతికి రెండువేల యేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను నేడు క్రమముగా మనవి చేయుదును.

మన పూర్వులు పిడుగును ఇంద్రుని వజ్రాయుధమనిరి. ఉరుము వినబడగానే అర్జునుని నామములు జపించుట నేటికిని మన యిండ్లలో నున్న ఆచారము. ఆ నామములు బెదరిన బిడ్డకు ధైర్యము నిచ్చును. వానిని పరిహసించుట నా యుద్దేశము కాదు. అయితే ఆ జపమును తాటిచెట్టు మొదట నిలిచి చేయుటకును, గట్టి యింటిలోపల కూర్చుండి చేయుటకును గల భేదము చాల గొప్పది. ఆ భేదము పిడుగును చూచి తెలిసికొన్నది కాదు. ఒక చిన్న గడ్డిపరకను చూచి తెలిసికొన్నది.

సంస్కృతమున తృణమణి యని యొక రత్నమునకు పేరు. తృణమనగా గడ్డిపరక. గుడ్డతో రుద్దినయెడల గడ్డిపరకలను తనవైపు లాగుకొను మణి గావున దాని కాపేరు వచ్చినది. నిజమునకు అది రాయి కాదు. ప్రాచీన వృక్షముల నుండి స్రవించిన జిగురు కొన్ని కోట్ల సంవత్సరములు భూమిలో నుండి గట్టిపడినది. వైశేషిక సూత్రములు రచించిన కణాదమహర్షి, సూది అయస్కాంతమును చేరుటకు కారణము ‘అదృష్టము’ అనెను. 15వ శతాబ్దమున శంకరమిశ్రుడు ఉపస్కారమను తన వ్యాఖ్యానములో తృణకాంతమణి గడ్డిపరకల నాకర్షించుటను గూడ ఈ వర్గములోనే చేర్చెను. అదృష్టమనగా నేడు మనము వాడుకలో ననుకొను కలిసివచ్చుట కాదు. కంటికి కనబడని కారణమని యర్థము. కారణము లేదని వారనలేదు. కనబడుటలేదని మాత్రమే యనిరి. ఇది శాస్త్రజ్ఞు డనదగినవాని మాట.

యవన దేశమున క్రీస్తునకు పూర్వము ఆరవ శతాబ్దమున నుండిన థేలీసు అను పండితునకును ఈ మణి గుణము తెలియునని ప్రతీతి. అందులో ప్రాణమున్నదని యాతడు తలచెనట. ఆ మణికి యవనులు ‘ఎలెక్ట్రాన్’ అని పేరిడిరి. నేడు ప్రపంచమంతట చెల్లుచున్న ఎలెక్ట్రిసిటీ యను పదమునకు మూలమదియే. అనగా మన గుడిసెలలో వెలుగుచున్న దీపమునకు పేరిచ్చినది ఒక చెట్టుజిగురు ముక్క.

తరువాత రెండువేల యేండ్లు ఈ విషయమున విశేషమైన విచారణ సాగలేదు. 1600వ సంవత్సరమున, అనగా ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకి రాజపత్రము లభించిన యేటనే, ఎలిజబెత్ రాణి వైద్యుడైన విలియం గిల్బర్టు ఒక గ్రంథము ప్రకటించెను. అతడు లోహపు సూది నొకదానిని మొన మీద తేలికగా తిరుగునట్లు నిలిపి, పలు వస్తువులను రుద్ది దాని దగ్గరకు తెచ్చి చూచెను. తృణమణి ఒక్కటియే కాదు. గాజు, గంధకము, గుగ్గిలము, ముద్రలు వేయు గట్టి లక్క మొదలగునవి యెన్నో సూదిని లాగినవి. అయస్కాంతము ఇనుము వంటి కొన్నిటినే లాగును. ఇవి తేలికయైన ప్రతి వస్తువును లాగును. కావున ఈ రెండు శక్తులును వేరని యాతడు తేల్చెను. మణికే చెందినదనుకొన్న గుణము పెక్కు వస్తువులకు సామాన్యమని తేలుట ఈ చరిత్రలో మొదటి మెట్టు.

ఇందు లక్క ప్రసక్తి వచ్చినది. అది మనకు కొత్త వస్తువు కాదు. వరాహనది యొడ్డున ఏటికొప్పాకలో అంకుడుకర్రతో బొమ్మలు చేసి, వానికి లక్కరంగులు పట్టించు నేర్పు మన సీమలో ప్రసిద్ధము. తపాలా సంచులకు వేయు ముద్రలక్క కడ్డీ యొకటి తీసికొని, పొడి గొంగళితో పది పదిహేను మారులు గట్టిగా రుద్దుడు. పొందూరు నూలువారు వాలుగచేప దవడతో ఏకిన పత్తి పీచు ఎంత తేలికగా నుండునో మీకు తెలియును; అట్టి పీచును బల్లపై నుంచి కడ్డీని దగ్గరకు తెండు. పీచు ఎగిరి కడ్డీ నంటుకొనును. ఈ పరీక్ష మాఘమాసపు పొడిగాలిలో చక్కగా జరుగును, శ్రావణమాసమున జరుగదు. పాఠశాలలో నేను ముప్పది యేండ్లు పిల్లలకు దీనిని చూపుచు వచ్చితిని. శ్రావణమున ఏల జరుగదని మొదట అడిగిన పిల్లవాడే ఆ యేడు బాగుగా చదివెడివాడు. ఆ ప్రశ్నకు సమాధానము ఇంగ్లండులో రంగులద్దు వృత్తివాడొకడు కనుగొనెను.

అతని పేరు స్టీఫెన్ గ్రే. కేంటర్బరీ పట్టణమున బట్టలకు రంగులద్ది జీవించి, వార్ధక్యమున ధర్మసత్రమును ఆశ్రయించినవాడు. 1729లో అతడు రుద్దిన గాజుగొట్టము యొక్క గుణము, దానికి తగిలించిన బిరడాకును, బిరడా నుండి కర్రకును, కర్ర నుండి దారమునకును పాకుచున్నదని చూచెను. తరువాత ఒక మిత్రునితో కలసి కొన్ని వందల అడుగుల జనపదారమును సాగదీసి, నడుమ నడుమ పట్టుదారములతో దానిని వ్రేలాడదీసెను. ఈ చివర గాజును రుద్దగా ఆ చివర ఈకలు ఎగిరినవి. పట్టుదారము తెగిపోగా దాని బదులు సన్నని ఇత్తడితీగ కట్టిరి. అప్పుడు ఆ చివర ఏమియు జరుగలేదు. సన్నదనము కారణమైనచో తీగతోను జరుగవలసినదే కదా! కారణము వస్తుస్వభావమే యని తేలినది. లోహము, తడినేల, తడిదారము, మనుష్యదేహము, ఇవి విద్యుత్తుకు త్రోవ యిచ్చును, వీనిని వాహకములందుము. పట్టు, లక్క, గాజు, పొడికర్ర, పొడిగాలి, ఇవి త్రోవ నీయవు, అవాహకములందుము. శ్రావణమున లక్కకడ్డీ మీద సన్నని తేమపొర పట్టును. ఆ తడి మీదుగా విద్యుత్తు మన చేతికిని, చేతి నుండి నేలకును జారిపోవును. అందుచేత పీచు కదలదు. మనుష్యదేహము వాహకమను మాటను జ్ఞాపకముంచుకొనుడు. ముందు దానితో పని యున్నది.

గ్రే చేసిన పరీక్షలను చదివి పారిసు నగరమున రాజోద్యానములకు అధికారిగా నుండిన దుఫే యనునతడు 1733లో మరియొక సంగతి కనుగొనెను. రుద్దిన గాజునకు తగిలిన బంగారురేకు ముక్క గాజు నుండి దూరముగా తొలగిపోయి గాలిలో తేలుచుండెను. దాని దగ్గరకు రుద్దిన గుగ్గిలము తెచ్చినచో అదియు దానిని తరుమునని దుఫే యనుకొనెను. తరుమలేదు, రేకు గుగ్గిలము వద్దకు పరుగున వచ్చి చేరినది. దీనిచే విద్యుత్తు రెండు విధములని తెలిసినది. గాజు మొదలగువానిది ఒక విధము. తృణమణి, గుగ్గిలము, లక్క మొదలగువానిది రెండవ విధము. సజాతీయములు ఒకదాని నొకటి తరుముకొనును. విజాతీయములు ఒకదాని నొకటి లాగుకొనును. మీరును దీనిని చూడవచ్చును. గొంగళితో రుద్దిన లక్కకడ్డీని పట్టుదారముతో వ్రేలాడదీసి, రుద్దిన మరియొక లక్కకడ్డీని దగ్గరకు తెచ్చినయెడల అది తిరిగి పారిపోవును. పట్టుగుడ్డతో రుద్దిన గాజుకడ్డీని తెచ్చినయెడల ఎదురు వచ్చును.

ఇట్లు ఒక వస్తువునందు విద్యుత్తు ప్రవేశించి నిలిచి యుండుటను శాస్త్రమున విద్యుదావేశమందురు. గ్రామదేవతల జాతరలో ఆవేశము వచ్చినదని మనము వాడు పదమే యిది. ప్రవేశించి యుండుట యని ధాత్వర్థము. అయితే ఈ ఆవేశము ఎక్కడ నుండి వచ్చినది? రుద్దుట చేత క్రొత్తగా పుట్టినదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పినవాడు అమెరికా దేశమున ఫిలడెల్ఫియాలో అచ్చుకూటము నడపిన బెంజమిన్ ఫ్రాంక్లిను. ఇతడు కొవ్వువత్తులు చేసి యమ్ముకొను ఇంట పుట్టినవాడు.

1747లో ఫ్రాంక్లిను వ్రాసిన లేఖలలో నొక పరీక్ష కలదు. ఇద్దరు మనుష్యులు మైనపు పీటలపై వేర్వేరుగ నిలుతురు. మైనము అవాహకము గావున వారికి నేలతో సంబంధము లేదు. ఒకడు గాజుగొట్టమును రుద్దును. రెండవవాడు ఆ గొట్టము నుండి విద్యుత్తును తాను గ్రహించును. నేలపై నిలిచిన మూడవవాడు ఈ యిద్దరిలో ఎవని దగ్గరకు వేలు చాచినను చిటుక్కుమని నిప్పురవ్వ పుట్టును. ఆ యిద్దరును ఒకరి నొకరు తాకినచో రవ్వ ఇంకను పెద్దది. అటుపిమ్మట ఇద్దరిలోను ఏమియు మిగులదు. దీనినిబట్టి ఫ్రాంక్లిను ఇట్లు నిర్ణయించెను: రుద్దుట వలన ఏదియు క్రొత్తగా పుట్టలేదు, ఒకనికి ఎంత తగ్గినదో రెండవవానికి అంతయే పెరిగినది. ఒక గాదె నుండి మరియొక గాదెకు ధాన్యము కొలిచి పోసినట్లు చోటు మాత్రము మారినది, మొత్తము మారలేదు. పెరిగినదానికి ధనమనియు, తగ్గినదానికి ఋణమనియు పేర్లు పెట్టెను. గాజునందలిది ధనవిద్యుత్తు, లక్కయందలిది ఋణవిద్యుత్తు. విద్యుదావేశము పుట్టదు, నశించదు, చోటు మారును. నేటి వరకును ఈ సూత్రమునకు ఒక్క భంగమైనను కనబడలేదు.

ఆ చిన్న రవ్వను చూచి ఫ్రాంక్లిను మెరుపు కూడ నిదియేనా యని యోచించెను. వెలుగు ఒకటే, వంకరనడక ఒకటే, చప్పుడు ఒకటే, లోహము నాశ్రయించు గుణము ఒకటే. 1750లో అతడు ఒక పరీక్షను సూచించెను: ఎత్తయిన చోట మొనగల ఇనుపకమ్మి నిలిపి, మేఘము వచ్చినప్పుడు దాని నుండి రవ్వలు వచ్చునేమో చూడవలెను. ఫ్రాన్సు దేశమున మార్లీ గ్రామమునందు 1752 మే 10వ తేదీని ఈ పరీక్ష సఫలమైనది. ఆ వేసవిలోనే ఫ్రాంక్లిను గాలిపటము నెగురవేసి తానును చూచెను. ఇది క్రీడ కాదని మరుసటి యేటనే లోకమునకు తెలిసినది. 1753లో రష్యా రాజధానియగు సెంటు పీటర్సుబర్గులో రిచ్‌మన్ అను పండితుడు ఇట్టి కమ్మి దగ్గర నిలిచి యుండగా మెరుపు తగిలి మరణించెను. మేఘమునందలి శక్తియు లక్కకడ్డీ మీది శక్తియు ఒక్కటియే. పరిమాణమున మాత్రమే భేదము. ఈ సత్యమునకు ఒక ప్రాణము వెల యైనది.

ఇక నొక సందేహము మిగిలినది. పత్తిపీచును మనము రుద్దలేదు. దానియందు ఆవేశము లేదు. మరి లక్క దాని నేల లాగవలెను? లండనులో బడిపంతులుగా నుండిన జాన్ కాంటన్ అనునతడు 1753లో దీనిని విప్పిచెప్పెను. ఇతడొక నేతగాని కుమారుడు. మా వృత్తివాడు గావున ఇతనియందు నాకు ప్రత్యేకాభిమానము. ఆవేశముగల వస్తువు దగ్గరకు వచ్చినప్పుడు, ఆవేశము లేని వస్తువులోని ధనఋణములు స్థానము మార్చుకొనును. లక్కలోని ఋణవిద్యుత్తు పీచులోని ధనమును తన వైపునకు రాబట్టి, ఋణమును ఆవలి వైపునకు త్రోయును. దగ్గర నున్న ధనమును లక్క లాగుట బలముగను, దూరమున నున్న ఋణమును త్రోయుట బలహీనముగను జరుగును. కావున మొత్తము మీద లాగుటయే గెలుచును. దీనికి ప్రేరణము అని పేరు. దగ్గరతనమున కింత బలమేల యన్న ప్రశ్నకు 1785లో కూలుంబు అను ఫ్రెంచి ఇంజనీరు తూకము వేసి సమాధానము చెప్పెను. సన్నని తీగ మెలిపడుటను కొలిచి, రెండు ఆవేశముల నడుమ దూరము రెండింతలైనచో బలము నాలుగవ వంతగుననియు, మూడింతలైనచో తొమ్మిదవ వంతగుననియు చూపెను.

ఇంతయు తెలిసినను ఆవేశమునకు మూలద్రవ్యమేదో తెలియలేదు. 1897లో కేంబ్రిడ్జిలో జె. జె. థామ్సను, పరమాణువు కంటెను చిన్నవియు ఋణావేశము గలవియు నగు కణములున్నవని నిరూపించెను. తృణమణి పేరే వానికి ఎలక్ట్రాన్లని నిలిచినది. 1909 మొదలుకొని అమెరికాలో మిల్లికన్ నూనెబొట్ల మీది ఆవేశమును కొలిచి, ప్రతి ఆవేశమును ఒక కనిష్ఠ పరిమాణమునకు పూర్ణసంఖ్యల గుణిజమే యని చూపెను. బియ్యమును గింజలుగా లెక్కింపవచ్చును గాని సగము ఎలక్ట్రానును ఎవడును కొలువలేడు. నేడు మనకు తెలిసినది ఇది: ప్రతి పరమాణువు నడుమ ధనావేశముగల బీజమున్నది, చుట్టును ఎలక్ట్రాన్లున్నవి, రెండును సమానముగా నున్నంత కాలము ఆవేశము బయటపడదు. గొంగళితో లక్కను రుద్దినప్పుడు గొంగళిలోని కొన్ని ఎలక్ట్రాన్లు లక్కకు మారును. కణాదుని అదృష్టము ఇట్లు దృష్టమైనది.

ఇప్పుడు మరల మన మేఘము దగ్గరకు వత్తము. ఎండకు కాగిన నేల మీది తడిగాలి పైకి లేచి, కొండల యడ్డు తగిలి మరింత వేగముగా ఎక్కి, ఎనిమిది పది కిలోమీటర్ల యెత్తున చల్లబడి మంచుకణములగును. ఆ మేఘములో తేలికయైన మంచుపలుకులును, బరువైన మెత్తని వడగండ్లును ఒకదాని నొకటి రాచుకొనును. గొంగళికిని లక్కకును నడుమ జరిగినట్లే ఇచ్చటను ఆవేశము చేతులు మారును. ధనావేశము పొందిన తేలిక పలుకులు గాలితో పైకి పోవును; ఋణావేశము పొందిన బరువైనవి క్రిందికి దిగును. మేఘపు క్రింది భాగము ఒక గొప్ప లక్కకడ్డీ వంటిదైనది. దాని క్రింద నున్న నేల పత్తిపీచు వంటిది. ప్రేరణము చేత నేలలోని ధనావేశము పైకి వచ్చి, చెట్లకొనలకును, గుడిశిఖరములకును, మెరకపై నిలిచిన మనుష్యుని తలకును ఎక్కును. నడుమ నున్న గాలి అవాహకమే గాని, దాని యోర్పునకు మేర యున్నది. ఆ మేర దాటినప్పుడు గాలి చీలి త్రోవ యగును. అదియే మెరుపు, అది నేలకు తగిలినప్పుడు పిడుగు. రుద్దిన కడ్డీ మీది ఆవేశము ఒక కూలుంబులో కోటివ వంతును మించుట యరుదు. ఒక పిడుగులో దిగునది ఇరవై కూలుంబుల ప్రాంతము. ఆ త్రోవలోని గాలి సూర్యుని యుపరితలము కంటె అనేక రెట్లు వేడెక్కి, ఒక్కసారిగా విరియుటచే పుట్టిన ధ్వనియే ఉరుము.

ఈ సూత్రములు తెలిసినవానికి మిగిలిన హితవు ఎవరును చెప్పనక్కరలేదు. తాటిచెట్టు పొలములో ఎత్తయినది, మేఘమునకు దగ్గరయైనది. దగ్గరతనము బలమును పెంచునని కూలుంబు చెప్పలేదా? పిడుగు ముందుగా దానినే వెదకును. అయితే చెట్టుమాను కంటె మనుష్యదేహము మంచి వాహకము. కావున మాను మీదుగా దిగుచున్న విద్యుత్తు ప్రక్కనే నిలిచినవాని మీదికి దుమికి, వాని దేహము ద్వారా నేలకు పోవును. చెట్టు నాశ్రయించుట ఇందుచేతనే యపాయకరము. పిడుగు తగిలిన చోటు నుండి విద్యుత్తు నేలలో నాలుగుదిక్కులకు వ్యాపించును. అప్పుడు దూరముగా నున్న రెండు పాదముల నడుమ విద్యుత్తు ఒక కాలి నుండి ఎక్కి మరియొక కాలి నుండి దిగును. ఆవులు, గేదెలు ముందరికాళ్లకును వెనుకకాళ్లకును దూర మెక్కువగుట చేత చెట్టు క్రింద గుంపుగా నిలిచి ఒక్కసారిగా మరణించుచున్నవి. అందుచేత ఉరుముల వేళ పశువులను చెట్టునకు కట్టరాదు. వేరు దిక్కులేక ఆరుబయట చిక్కుకొన్న మనుష్యుడు నేలపై పరుండరాదు. మెరకను, చెట్లను, తీగకంచెను, మోటారు పంపును విడిచి దూరముగా పోయి, పాదములు రెండును చేర్చి వంగి కూర్చుండవలెను. పదిమంది యున్నచో ఒకచోట గుమిగూడక ఎడముగా నుండవలెను. ఇది గత్యంతరము లేనప్పటి యుపాయము మాత్రమే. గట్టి యింటి లోపలికి చేరుటయే రక్ష. తాటాకు పాకయు, నలువైపుల తెరచియున్న మంటపమును రక్షకములు కావు.

ఎప్పుడు చేరవలెననగా, దానికిని లెక్క యున్నది. ధ్వని కిలోమీటరు దూరము నడచుటకు సుమారు మూడు సెకండ్లు పట్టును. మెరుపు కనబడినది మొదలు ఉరుము వినబడువరకు ముప్పది లెక్కపెట్టు లోపల ఉరుము వచ్చినచో పిడుగు పది కిలోమీటర్ల లోపల నున్నది. అప్పటికే ఇంటిలో నుండవలెను. చివరి ఉరుము వినబడిన తరువాత ముప్పది నిమిషములు గడచు వరకు బయటకు రారాదు. వాన వెలిసినదని వెంటనే పొలమునకు మరలుట పొరపాటు.

దేవాలయపు కలశము రాగిదో, బంగారుపూత గలదో యగుట చేత అది పిడుగును పట్టుకొనునని కొందరందురు. కలశము వాహకమే, గాని అచ్చట నుండి నేల వరకు ఎడతెగని లోహపుమార్గము లేనిచో విద్యుత్తు గోపురపు రాతిని, ఇటుకను చీల్చుకొని దిగును. ఫ్రాంక్లిను చెప్పిన రక్షణదండమునకు మూడు అంగములు: పైని మొన, నడుమ లావుపాటి తీగ, క్రింద తడినేలలో పాతిన పలక. ఏ యొక్కటి లోపించినను రక్ష లేదు. యూరోపులో పూర్వము ఉరుముల వేళ మేఘము తొలగిపోవునని చర్చిగంటలు మ్రోగించుచుండిరి. ఎత్తయిన గోపురమున తడిసిన త్రాడు పట్టుకొనిన గంటలవాండ్రు అనేకులు చనిపోయిరి. దండములు నాటిన తరువాత ఆ గోపురములు నిలిచినవి. అజ్ఞానము ఒక దేశపు సొత్తు కాదు, జ్ఞానమును కాదు.

అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. పిడుగు తగిలినవానిని తాకరాదనియు, తాకినచో మనకును తగులుననియు పల్లెలలో భయమున్నది. కొన్నిచోట్ల వానిని పేడలోనో బురదలోనో పూడ్చి యుంచుదురు. ఆవేశము చోటు మారునేగాని నిలువ నుండదని ఇంతసేపు చెప్పితిని. పిడుగులోని విద్యుత్తు సెకండులో స్వల్పభాగమున నేలకు పోవును. మనుష్యదేహము వాహకము గావున దానియందు ఏమియు మిగులదు. వానిని నిర్భయముగా తాకవచ్చును. చుట్టును మరల పిడుగుపడు భయమున్నచో ముందు వానిని సురక్షితమైన చోటికి చేర్చుడు. ఊపిరి ఆగి, గుండె నిలిచినట్లు కనబడినను తలమీద చేయి పెట్టుకొని కూర్చుండవద్దు. 108కి కబురు చేసి, వైద్యులు వచ్చువరకు రొమ్ము నడుమ రెండు చేతులతో గట్టిగా, వేగముగా, నిమిషమునకు నూరు నూటయిరువది మారులు నొక్కుచుండవలెను. ఇట్లు బ్రతికినవారు కలరు. భయము చేత ఎవరును దగ్గరకు పోక గడచిన అయిదు నిమిషములే పెక్కుచోట్ల ప్రాణము తీయుచున్నవి.

ఆకాశమును శ్రద్ధతో గమనించుట మన సీమకు క్రొత్త కాదు. శ్రీకాకుళము, విజయనగరము ప్రత్యేక మండలములు కాకపూర్వము విశాఖపట్టణమునకు చేరియుండిన కాలమున, గోడే వెంకట జగ్గారావుగారు 1840లో అచ్చట స్వంత ధనముతో వేధశాలను నెలకొల్పిరి. వారి యల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు సర్కారు కొలువు విడిచి, 1892లో కీర్తిశేషులగు వరకు అందు గ్రహనక్షత్రములతో పాటు వాతావరణమును గూడ వ్రాసి యుంచిరి. నేడు ఆ పనిని యంత్రములు చేయుచున్నవి. మెరుపులను కనిపెట్టి ముందుగా హెచ్చరించు దామిని యను సాధనమును పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్రసంస్థవారు చేతిలోని ఫోనునకే తెచ్చిరి. రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థవారును పిడుగుల హెచ్చరికలు పంపుచున్నారు.

హెచ్చరిక ఫోనులోనికి వచ్చుట చాలదు. పొలములోని కూలి చెవికి చేరవలెను. ఆ దూరము పుణె నుండి పల్లెకు గల దూరము కంటె పెద్దది. దానిని తగ్గించువారు మీరే. చైత్రమాసము రాకముందే రచ్చబండ దగ్గర నలుగురిని కూర్చుండబెట్టి ఈ సంగతులు చెప్పుడు. ఉరుము వినబడగానే పని నిలిపి ఇల్లు చేరిన కూలికి ఆ పూట కూలి కోయవద్దని రైతులకు నచ్చజెప్పుడు. ఆ భయము చేతనే పలువురు చేను విడువకున్నారు. బడిలోనో, పంచాయతీ కార్యాలయములోనో ఒక గట్టి గదిని ఆ వేళ తెరచి యుంచునట్లు కట్టుబాటు చేయుడు. ఒక లక్కకడ్డీయు, ఒక గొంగళిముక్కయు, కొంచెము పత్తియు ఉన్నచో పిల్లలకు కారణము గూడ చూపవచ్చును. కారణము తెలిసిన పిల్లవాడు చెట్టు క్రిందికి పరుగెత్తడు.